మన డెల్టాలో క్రిస్మస్ చెట్టును బతికించుకోవడం ఎలా?

అసలు పైన్ చెట్టుకు మన గోదావరి డెల్టా పడదు, దానికి అరకు లాంటి కొండల చల్లదనం ఉండాలి. కడియం నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియా చూడ్డానికి పైన్‌లా ఉన్నా పైన్ కాదు. పసిఫిక్‌లోని నార్‌ఫోక్ దీవి దాని పుట్టిల్లు. ఉప్పుగాలిని తట్టుకుంటుంది కాబట్టి అంతర్వేదిలోనూ పెంచుకోవచ్చు. దానికి ముప్పంతా మనం పోసే నీళ్లతోనే.

ముందు మట్టి. మన ఒండ్రు వరికి బంగారమే గానీ కుండీలో తడిస్తే బంక, ఎండితే ఇటుక. ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపి, రెండు గుప్పెళ్లు మాగిన పశువుల ఎరువు వేయండి. పచ్చి పొట్టయితే రెండు మూడుసార్లు కడగాలి. కుండీ అడుగున చిల్లులు తప్పనిసరి.

వేలు రెండు అంగుళాలు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. కింద పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయండి.

నా మొదటి మొక్కకు రోజూ రెండు చెంబులు పోసేదాన్ని. కింది కొమ్మలు పసుపెక్కాయి. ఎండకు వాడిందనుకుని మూడో చెంబు మొదలుపెట్టాను! కుండీలోంచి తీసి చూస్తే వేర్లు నల్లబడి, నొక్కితే పైతోలు ఊడొచ్చింది, మురుగు వాసన. అప్పటికే ఆలస్యమైపోయింది.

మీ మొక్కకూ అలా అయితే మెత్తబడిన వేర్లు కత్తిరించి కొత్త మట్టిలోకి మార్చి, వెలుతురున్న నీడలో పెట్టండి. నీరసంగా ఉంది కదా అని ఎరువు వేయొద్దు, కొసన లేతపచ్చ చిగురు వచ్చాకే వేయాలి. కుండీ తేలిగ్గా ఉండి ఆకు పెళుసుబారితే మాత్రం అది దాహమే, నిండా తడపండి. రోహిణి కార్తె వడగాలికి షేడ్ నెట్ కట్టాలి. తుఫాను వానలప్పుడు వరండాలోకి జరిపితే చాలు.

రాలిన కొమ్మ చోట మళ్లీ కొమ్మ రాదు, అందుకే పసుపు రంగు కనిపించిన రోజే వేర్లు చూడాలి. తల తుంచితే నిటారు పెరుగుదల పోతుంది. పక్కకొమ్మ నాటి కొత్త మొక్క చేద్దామన్నా కుదరదు, వేరు పట్టినా అది పక్కకే పాకుతుంది.

నేలలో నాటేవాళ్లు ఇంటి గోడకు, కరెంటు తీగలకు దూరంగా చూసుకోండి. సొంత దీవిలో 50 మీటర్లు దాటే చెట్టది.

పండగకు సీరియల్ లైట్లు సన్నవి చుట్టండి, మంచులా కనిపించే స్ప్రే మాత్రం కొట్టొద్దు.