ఉచితంగా వస్తున్న గుర్రపు లద్దె: మడిలో వేసే ముందు చలికాలంలోనే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మొన్న సంక్రాంతి భోజనాల దగ్గర ఒకాయన చెప్పిన మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. మేముండే న్యూజెర్సీలో, మా ఇంటికి అరగంట దూరంలో ఒక గుర్రాల శాల ఉంది. అక్కడ లద్దె ఉచితంగా ఇస్తున్నారట. ట్రక్కు అద్దెకు తీసుకుని 6 కుటుంబాల వాళ్లు కలిసి ఫిబ్రవరిలోనే తెచ్చి మడుల మీద పరిచేద్దామనుకుంటున్నారు. మంచు కరిగేసరికి నేలలో కలిసిపోతుంది, వేసవిలో కాపు చూడండి అన్నారు. అక్కడున్న మరో ఇద్దరు కూడా తమకూ ఒక వాటా కావాలని చెప్పేశారు.

పోయిన ఏడాది సరిగ్గా ఈ పనే చేసిన ఒక అక్క తోట నేను కళ్లారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ అక్కకి పెరట్లో 4 రైజ్డ్ బెడ్లు (నేల కంటే ఎత్తుగా చెక్కలతో కట్టిన మడులు) ఉన్నాయి. పదేళ్లుగా టమాటా, వంగ, మిరప, చిక్కుడు పండించి మా అందరికీ సంచుల్లో పంచేది. గుర్రపు లద్దె బాగా మాగింది, నల్లగా, పొడిపొడిగా ఉంది, వాసన కూడా లేదని నాలుగు మడుల్లోనూ నాలుగేసి అంగుళాలు వేసింది. మే నెలలో నారు నాటింది. జూన్ మొదటి వారానికి టమాటా చిగుళ్లు ముడుచుకుపోయి సన్నగా, మెలికలు తిరిగి ఫెర్న్ ఆకుల్లా తయారయ్యాయి. చిక్కుడు ఆకులు దోసిలి పట్టినట్టు పైకి ముడుచుకున్నాయి. ఊళ్లో వాళ్ల నాన్నగారు వీడియో కాల్‌లో చూసి, మిరపకి బొబ్బర తెగులు పట్టిందమ్మా అన్నారు. వేపనూనె కొట్టింది. పోషకాలు చాలలేదేమో అని అదే ఎరువు ఇంకో రెండు గంపలు వేసింది. మొక్కలన్నీ పీకేసి కొత్త నారు కొని అదే మడిలో నాటింది. అదీ ముడుచుకుపోయింది. ఆ ఏడాది ఆ ఇంట్లో ఒక్క వంకాయ కాయలేదు.

అది తెగులు కాదు. అవి కలుపు మందు తగిలిన మొక్కల లక్షణాలు. అదే ఎరువులో రాజ్మా గింజలు నాటి చూశాకే మాకు నమ్మకం కుదిరింది.

ఎరువులోకి కలుపు మందు ఎలా వస్తుంది

ఇక్కడ గడ్డి పండించే రైతులు ముళ్ల మొక్కలు, వెడల్పాకు కలుపు చావడానికి పచ్చిక మీద కొన్ని మందులు కొడతారు. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అని మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఇవి గడ్డి జాతిని ఏమీ చేయవు, వెడల్పాకు మొక్కలనే చంపుతాయి. ఆ గడ్డిని కోసి ఎండబెట్టి మోపులుగా అమ్ముతారు. గుర్రం తింటుంది. గుర్రానికి ఏమీ కాదు. మందు మాత్రం అరగకుండా మూత్రంలో, లద్దెలో బయటికి వచ్చేస్తుంది. కుప్పలో గాలి ఆడదు కాబట్టి అక్కడ కూడా త్వరగా విరిగిపోదు. ఏడాది దాటిన కుప్పలో కూడా మిగిలి ఉండొచ్చు. టమాటా, చిక్కుడు, బఠానీ లాంటి వాటిని పాడుచేయడానికి వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లు చాలు. అంటే కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు, చేత్తో నలిపి చూస్తే అర్థం కాదు.

మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బాగా మాగిన ఎరువు మంచిదని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. మాగితే కలుపు గింజలు చస్తాయి, క్రిములు తగ్గుతాయి, వేడి పోతుంది. అదంతా నిజం. ఈ మందు మాత్రం పోదు. ఊళ్లో మన దిబ్బ మీద ఉన్న పేడ మన గేదెది, అది తిన్నది మన పొలంలో వరిగడ్డి, ఆ పొలంలో ఏం కొట్టామో ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ గుర్రం తిన్న గడ్డి ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో శాల యజమానికే తెలియకపోవచ్చు. వాళ్లేమీ అబద్ధం చెప్పరు, పాపం వాళ్లకి నిజంగానే తెలియదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 2000 ప్రాంతంలో వాషింగ్టన్ రాష్ట్రం స్పోకేన్‌లో నగర కంపోస్ట్ వల్ల తోటలు పాడయ్యాయి. ఇంగ్లండ్‌లో 2008లో పెరటి తోటల వాళ్లు ఇంత గగ్గోలు పెడితే అమినోపైరాలిడ్ అమ్మకాన్నే కొంతకాలం ఆపారు. 2012లో వెర్మాంట్‌లో డబ్బు పెట్టి కొన్న కంపోస్ట్‌తోనే ఇలా జరిగింది. కాబట్టి ఉచితంగా తెచ్చుకున్నదే కాదు, సంచిలో కొన్నదైనా పరీక్ష చేయాల్సిందే.

తెచ్చుకునే ముందు అడగాల్సినవి

గడ్డి ఎవరి దగ్గర కొంటారో అడగండి. వీలైతే ఆ రైతుతో మాట్లాడి, పచ్చిక మీద వాడిన మందు డబ్బా లేబుల్ ఫోటో పంపమనండి. వ్యాపార పేర్లు చాలా ఉంటాయి, వాటి జోలికి పోకుండా లేబుల్ మీద పైన చెప్పిన మూడు పేర్లు వెతకండి. ఒక్కటి కనబడినా ఆ ఎరువు వద్దు. గుర్రాల కింద పరుపుగా రంపపు పొట్టు వాడతారా అన్నది కూడా అడగండి. పొట్టు ఎక్కువగా ఉన్న లద్దె పచ్చిగా వేస్తే నేలలోని నత్రజనిని అదే లాగేసుకుంటుంది, మొక్కలు పసుపు పచ్చగా అవుతాయి.

మందేమీ కొట్టలేదు అని నోటితో చెబితే సరిపోదు. పరీక్ష చేయండి.

రాజ్మా పరీక్ష

దీనికి ఇంతకంటే మంచి కాలం లేదు. నారు పోయడానికి ఇంకా వారాలు ఉన్నాయి, కిటికీ గట్టు ఖాళీగా ఉంది. ట్రక్కు లోడు తెప్పించే ముందు కుప్ప నుంచి ఒక్క బకెట్ తెచ్చుకోండి. పైపైన కాదు. లోపలికి తవ్వి ఐదారు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి కలపండి, ఎందుకంటే ఒక మూల బాగుండి ఇంకో మూల పాడై ఉండొచ్చు. గడ్డకట్టి ఉంటే మూతపెట్టి గరాజ్‌లో రెండు రోజులు ఉంచితే కరుగుతుంది.

మీరు నమ్మే పాటింగ్ మిక్స్ (కుండీల్లో నింపడానికి అమ్మే మట్టి మిశ్రమం) ఒక వంతు, ఈ ఎరువు ఒక వంతు కలిపి 3 చిన్న కుండీలు నింపండి. ఇంకో 3 కుండీల్లో ఒట్టి పాటింగ్ మిక్స్ నింపండి. ప్రతి కుండీకి పేరు రాసి అంటించండి. ఒక్కో దాంట్లో 3 గింజలు నాటండి. విత్తనాల ప్యాకెట్ కొనక్కర్లేదు, ఇండియన్ స్టోర్‌లో దొరికే రాజ్మా చాలు. బఠానీ వాడితే పొట్టుతో ఉన్న గుండు గింజ వాడాలి, బద్ద మొలవదు. ప్రతి కుండీ కింద విడిగా పళ్లెం పెట్టండి. ఒకే ట్రేలో పెడితే ఎరువు కుండీ నుంచి కారిన నీళ్లు మంచి కుండీలోకి పోయి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పరీక్ష వృథా.

వెచ్చగా, వెలుతురుగా ఉన్న చోట మూడు నాలుగు వారాలు పెంచండి. మొదట వచ్చే రెండు ఆకులు చూసి బాగుందని తేల్చేయకండి. మూడేసి ఆకులతో వచ్చే చిగుళ్లు రెండు మూడు విడతలు రానివ్వండి. అప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ఎరువు కుండీల్లో ఆకులు దోసిలిలా ముడుచుకున్నా, చిగురు మెలికలు తిరిగినా, కాడ లావెక్కి వంకర పోయినా ఆ లోడు తేవద్దు. రెండు రకాల కుండీల్లోనూ మొక్కలు ఒకేలా పెరిగితే తెచ్చుకోవచ్చు.

ప్రతి లోడుకీ ఈ పరీక్ష చేయాలి. పోయిన ఏడాది బాగుంది కదా అనకండి. ఈ ఏడాది గడ్డి వేరే చోటు నుంచి వచ్చి ఉండొచ్చు.

ఇప్పటికే వేసేసి ఉంటే

వేసి ఒకటి రెండు రోజులే అయితే, నేలలో కలపకముందే పైనుంచి గీకి తీసేయండి. కలిసిపోయి ఉంటే ఆ మడిలో ఈ వేసవికి మొక్కజొన్న వేయండి. అది గడ్డి జాతి, తట్టుకుంటుంది. కోత అయ్యాక ఆ దంట్లు కంపోస్ట్ గుంతలో వేయొద్దు. నేల వెచ్చగా, తడిగా, గుల్లగా ఉంటే సూక్ష్మజీవులు ఆ మందును మెల్లగా తినేస్తాయి. ఒక ఏడాది పట్టొచ్చు, అంతకంటే ఎక్కువ కూడా పట్టొచ్చు. మళ్లీ టమాటా వేసే ముందు ఆ మట్టితోనే రాజ్మా పరీక్ష చేయండి. మిగిలిన ఎరువు ఎవరికీ పంచొద్దు. అక్క చేసినట్టు అదే ఎరువు ఇంకాస్త వేయొద్దు.

ఇక ఈ చలి నెలల్లో నేను చూసిన మిగతా పొరపాట్లు. వరస లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

పరీక్షలో నెగ్గిన ఎరువైనా గడ్డకట్టిన నేల మీద పరచొద్దు. మంచు కరిగినప్పుడు అంతా కాలువలోకి కొట్టుకుపోతుంది.

పచ్చి లద్దె, పేడ వేస్తే కోతకి కనీసం 120 రోజుల ముందు వేయాలి. నేలకి తగిలే కొత్తిమీర, పాలకూర, తోటకూర, ముల్లంగికి ఇది తప్పనిసరి. నేలకి తగలకుండా ఎత్తున కాసే కాయలకైతే 90 రోజులు. పచ్చి ఎరువులో జబ్బు చేసే ఇ.కోలై బ్యాక్టీరియా ఉండొచ్చు. ఏప్రిల్‌లో వేసి మేలో కొత్తిమీర కోసి పచ్చడిలో వేయకండి, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే అసలే వద్దు.

కలుపు మందు కొట్టిన లాన్ నుంచి కోసిన గడ్డిని మడుల్లో కప్పొద్దు. లాన్ సర్వీస్ వాళ్లు ఏం కొడుతున్నారో ఈ వారమే ఫోన్ చేసి అడగండి.

మీ ఇల్లు 1978కి ముందు కట్టినదా? గోడ పక్కన ఆకుకూర మడి పెట్టే ముందు మట్టిలో సీసం పరీక్ష చేయించండి. సీసం కలిసిన పాత పెయింట్ పెచ్చులు అక్కడే రాలి ఉండొచ్చు. న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌లో చేస్తారు. ఇప్పుడే పంపితే నాట్ల లోపు ఫలితం చేతికొస్తుంది.

రైజ్డ్ బెడ్‌కి పాత రైలు పట్టాల దుంగలు వాడొద్దు. 2004కు ముందు కట్టిన డెక్ విప్పిన చెక్కలూ వద్దు, వాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు.

కొత్తగా తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగానే నేల మీద గుర్తులు వేసి పోతారు. మడి చిన్నదే కదా అని మానేయొద్దు.

నారు చలికి చస్తుందని గరాజ్‌లో ప్రొపేన్ హీటర్, కిరోసిన్ హీటర్ పెట్టొద్దు. తలుపు కొంచెం తెరిచినా సరే, పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసన ఉండదు.

నారుకి పెట్టే గ్రో లైట్లు, కుండీల కింద వేసే హీట్ మ్యాట్ ఒక ఎక్స్‌టెన్షన్ త్రాడుకి ఇంకో త్రాడు తగిలించి నడపొద్దు. ప్లగ్గు నీళ్ల ట్రే కంటే ఎత్తులో ఉండాలి.

కరివేపాకు మొక్క చలికాలంలో ఆకులు రాల్చిందని ఎరువు వేయొద్దు, కుండీ మార్చొద్దు. నీళ్లు తగ్గించి కిటికీ దగ్గర ఉంచండి.

ఫ్లోరిడాలోనో, టెక్సాస్‌లోనో ఉన్న చుట్టాల ఇంటి నుంచి కరివేపాకు మొక్క కారులో తేవద్దు. నిమ్మ జాతి చెట్లను చంపే రోగాన్ని మోసే పురుగు దాని మీద బతుకుతుంది. అందుకే క్వారంటైన్ ఉన్న చోట్ల నుంచి ఆ మొక్కను బయటికి తేవడం నిషేధం.

ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో బీర, దోస గింజలు అనుమతి, ధ్రువపత్రం లేకుండా పెట్టించొద్దు. ఎయిర్‌పోర్ట్‌లో ఇబ్బంది పడేది వాళ్లే.

మట్టి తడిగా ఉండగా తవ్వొద్దు. పిడికిట్లో నొక్కి చూడండి, ముద్దగానే ఉండిపోతే ఇంకో వారం ఆగండి.

ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసిందని వంగ నారు బయట నాటొద్దు.

ట్రక్కు బుక్ చేసుకున్న ఆ 6 కుటుంబాల వాళ్లకీ చెబుతున్నాను: బుకింగ్ వాయిదా వేయండి. ఈ శనివారం ఒక్కరు వెళ్లి ఒక్క బకెట్ తేండి. తెచ్చిన వెంటనే రాజ్మా నాటితే ఫిబ్రవరి చివరికల్లా తెలిసిపోతుంది. పరీక్ష చేయని ఎరువు మడిలో వేయొద్దు. ఎంత నల్లగా ఉన్నా, ఎంత మాగినా, ఎంత మంచివాళ్లు ఇచ్చినా వేయొద్దు. కుండీలు చాలకపోతే పాత పెరుగు డబ్బాలకి అడుగున చిల్లులు పెట్టి వాడుకోండి.