చలి ముదిరేలోగా: ఊపిరితిత్తుల జబ్బున్న విశాఖ మహిళలకు జాగ్రత్తలు

విశాఖపట్నంలో చలి పాడేరు, అరకు వైపు లాగా వణికించదు కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయరు. అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇక్కడ ఊపిరితిత్తులకు చేటు చేసేది చలికంటే ఎక్కువగా గాలి. ఒకవైపు యారాడ కొండ, మరోవైపు కైలాసగిరి, సింహాచలం కొండల నడుమ పల్లంలో ఉన్న నగరంలో, రాత్రివేళ నేలను అంటిపెట్టుకుని చల్లగాలి పరుచుకోవడం, దానిపైన వెచ్చని పొర మూతలా కమ్ముకోవడం వల్ల రేవు వైపు బొగ్గు, ఖనిజాల ధూళి, లారీల పొగ, కర్మాగారాల పొగ తెల్లవారి ఎండ ఎక్కేవరకు పైకి పోకుండా నిలిచిపోతాయి. పాత నగరంలో కిటికీ ఊచను వేలితో తుడిస్తే అంటే నల్లటి మసి సంగతి అక్కడి గృహిణులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

అందుకే అట్లతద్ది నాటికే, అంటే దీపావళికి ముందే, ఒక పని పూర్తిచేసుకోవాలి: తమకున్న జబ్బు ఏమిటో కచ్చితంగా తెలుసుకోవడం. ఆడవాళ్ల ఆయాసాన్ని రక్తహీనత అనో, బరువు పెరగడమనో, వయసనో తేల్చేయడం మన ఇళ్లలోనే కాదు, కొన్ని క్లినిక్కుల్లోనూ జరుగుతోంది. లేదంటే ఉబ్బసమని చెప్పి ఏళ్ల తరబడి అదే ఇన్‌హేలరు రాస్తారు. ఊదుడు పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, చేయకుండా ఉబ్బసాన్నీ, పొగ వల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీనీ విడదీసి చెప్పడం కష్టం. సిగరెట్టు ముట్టని ఆడవారిలో సీఓపీడీకి ప్రధాన కారణం కట్టెల పొయ్యి పొగ. రుమటాయిడ్ కీళ్లవాతం, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వంటి జబ్బులు మగవారికంటే ఆడవారిలోనే ఎక్కువ. అవి ఊపిరితిత్తులను గట్టిపరిచినప్పుడు తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. కీళ్లనొప్పులతో పాటు పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉన్నవారు ఊపిరితిత్తులను పలుచని పొరలుగా స్పష్టంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ గురించి వైద్యులను తప్పక అడగాలి.

దాదాపుగా ఆడవారికే వచ్చే అరుదైన జబ్బు ఒకటుంది. లామ్ అని పిలిచే ఈ జబ్బు ఎక్కువగా సంతానం కనే వయసులో బయటపడుతుంది. ఊపిరితిత్తుల నిండా పలుచని గోడలున్న గాలి తిత్తులు ఏర్పడి, అవి పగిలినప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి హఠాత్తుగా ఛాతీనొప్పి వస్తుంది. దీన్ని ఉబ్బసంగా పొరబడడం తరచుగా జరుగుతుంది. అమెరికాలో 2015లో ఈ జబ్బుకు అనుమతి పొందిన సిరోలిమస్ మందు దాని వేగాన్ని తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం వీరికి పనికిరావు. నెలసరి మొదలయ్యే రోజుల్లోనే ఇలా ఛాతీలో గాలి చేరుతూ ఉంటే, ఆ తేదీలను రాసి పెట్టుకుని వైద్యులకు చూపాలి. ఆ ఒక్క కాగితం ఎన్నో పరీక్షలకంటే తొందరగా దారి చూపుతుంది. ఇటువంటి జబ్బులకు ఛాతీ వైద్యులు, కీళ్లవాత నిపుణులు, స్కాన్ చదివే రేడియాలజిస్టు కలిసి నిర్ణయించే చికిత్స అవసరం. పెదవాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) రెండూ ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైనవే కాబట్టి, అక్కడ ఒక విభాగం నుంచి మరో విభాగానికి పంపమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఫ్లూ టీకా ప్రభావం కనిపించడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కనుక దాన్ని చలికి ముందే వేయించుకోవాలి. న్యుమోనియా టీకా సంగతీ అప్పుడే అడగాలి. రోజూ వాడవలసిన ఇన్‌హేలరును ఆయాసం లేదని మానేయరాదు, స్టీరాయిడ్ ఇన్‌హేలరు తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. గర్భిణులు బిడ్డకు హాని అన్న భయంతో ఉబ్బసం మందులు ఆపేస్తుంటారు. అదుపుతప్పిన ఉబ్బసమే తల్లికీ బిడ్డకూ ఎక్కువ ప్రమాదం.

ఇంట్లో పొగ విషయంలో ఒక విచిత్రం గమనించవచ్చు. వంట గ్యాసు మీదకు మారినా, చలికాలం రాగానే స్నానానికి నీళ్లు మాత్రం పెరట్లో కట్టెలతోనే కాస్తారు, ఆ పొయ్యి దగ్గర కూర్చునేది మళ్లీ ఇంటి ఇల్లాలే. దోమల కాయిలు, మూసిన గదిలో సాంబ్రాణి కూడా మానడం మంచిది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు ఆడవారికి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇప్పటికీ ఉంది. నోటి క్యాన్సరు భయంతో దాన్ని మాన్పించాలని చూస్తాం గాని, దగ్గు, ఆయాసం ఉన్న అమ్మమ్మను ఊపిరితిత్తుల పరీక్షకు కూడా తీసుకెళ్లాలి.

కార్తీకంలో తెల్లవారుజామున సముద్రస్నానం, మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి వద్ద వేకువ క్యూ, సంక్రాంతికి భోగిమంట, ఇవన్నీ పొగమంచు వేళలోనే జరుగుతాయి. మానమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా వినరు. ఎండ వచ్చాక దర్శనం చేసుకోవడం, జనంలో మాస్కు పెట్టుకోవడం, భోగిమంటకు గాలి వచ్చే వైపున దూరంగా నిలబడడం, తక్షణ ఉపశమనమిచ్చే ఇన్‌హేలరును చీరకొంగున కాకుండా చేతిసంచిలో తేలిగ్గా అందేచోట ఉంచుకోవడం మాత్రం చేయగలిగినవే. చలికి వేళ్లు తెల్లబడి నీలం తిరిగే స్క్లెరోడెర్మా రోగులు చన్నీటి స్నానం జోలికి పోకూడదు.

ఇంట్లో ఆక్సిమీటరు ఉన్నవారు చిక్కగా నల్లబారిన గోరింటాకు, ముదురు గోళ్లరంగు లేని వేలికి, అరచేతులు వెచ్చబడ్డాక పెట్టి చూడాలి, లేకుంటే రీడింగు తప్పుగా వస్తుంది. సీఓపీడీ ఉన్నవారికి ఆక్సిజన్ సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా ఇస్తారు. ఇంట్లో సిలిండరు ఉంది కదా అని తోచినంత పెంచితే ప్రమాదం. రెండు వారాలు దాటిన దగ్గుకు సిరప్పులు మార్చుకుంటూ పోకుండా కఫం పరీక్షతో క్షయ ఉందో లేదో తేల్చుకోవాలి. వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలం తిరగడం, హఠాత్తుగా ఒకవైపు ఛాతీనొప్పితో ఊపిరాడకపోవడం, కళ్లెలో రక్తం ఎక్కువగా పడడం వంటివి కనిపిస్తే తెల్లారే వరకు ఆగకుండా 108కి ఫోన్ చేసి, పాత స్కాన్లు, వాడుతున్న మందుల చీటీ వెంట పట్టుకెళ్లాలి.