సెప్టెంబరు, అక్టోబరుల్లో పులికాట్ పక్షులను చూడడం ఎలా?

మనలో చాలామందికి పులికాట్ సరస్సు గుర్తొచ్చేది ఫ్లెమింగో ఫెస్టివల్ అప్పుడే. సంక్రాంతి వెళ్లాక సూళ్లూరుపేటలో దిగుతాం. మైకులు, స్టాళ్లు, జనం, ఎక్కడో దూరంగా ఓ గులాబీ గీత. అదే ఫ్లెమింగో అని పిల్లలకు చూపించి తిరిగొస్తాం. నన్నడిగితే అంతకు మూడు నెలల ముందే వెళ్లాలి. వినాయక చవితికీ దీపావళికీ మధ్య, ఈశాన్య రుతుపవనాల పెద్ద వానలు ఇంకా పడకముందు, సరస్సులో నీళ్లు తక్కువ, బురద ఎక్కువ. వలస వచ్చే పిట్టలకు కావాల్సింది ఆ బురదే.

దారి సంగతి ముందు చెప్తా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మాకు అది ఇప్పటికీ నెల్లూరే. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. చెన్నై వైపు రైళ్లు, బస్సులు చాలానే ఆగుతాయి. పేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది, దారిలో అటకానితిప్ప తగులుతుంది. మీరు చూడాల్సిందంతా ఈ రోడ్డు మీద నుంచే చూడొచ్చు. శ్రీహరికోట దీవిలో చుక్కల జింకలున్నాయి, దేవాంగపిల్లీ ఉంది, కానీ అది రాకెట్ కేంద్రం (షార్). పాస్ లేకుండా గేటు దాటనివ్వరు. డ్రోన్ ఆలోచన అసలే వద్దు. ప్రయోగం ఉన్న రోజుల్లో రోడ్డు మీద ఆంక్షలుంటాయి కాబట్టి, బయల్దేరే ముందు ఆ తేదీ ఒకసారి చూసుకోండి.

తెల్లారేసరికి రోడ్డు మీద ఉండాలి. తొమ్మిది దాటితే ఎండకు బురద మీద ఆవిరి లేచి, బైనాక్యులర్‌లో అంతా వణుకుతూ కనిపిస్తుంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే 8x42 రకం బైనాక్యులర్ చాలు. రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది, ఈ నెలల్లో సూర్యుడు కాస్త దక్షిణంగా జరుగుతాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు చూడండి, వెలుగు మీ వెనక నుంచి పడుతుంది. దక్షిణం వైపు చూస్తే ప్రతి పక్షీ నల్లని బొమ్మే. బండి బాగా పక్కకు తీసి ఆపండి, షార్ ఉద్యోగుల బస్సులు ఆ రోడ్డు మీదే తిరుగుతుంటాయి.

ఇక అసలు పని. పుస్తకం తెరిచి రెక్కల రంగులు పోల్చుకోవద్దు, మొదటిరోజే తల తిరిగిపోతుంది. నీళ్ల లోతు చూడండి. ఎవరి కాళ్ల పొడుగును బట్టి వాళ్లు నిలబడతారు. తడి బురద మీద గబగబా పరిగెత్తే పిచుకంత పిట్టలు స్టింట్‌లు. బెత్తెడు నీళ్లలో ఎర్ర కాళ్లతో నడిచేది రెడ్‌షాంక్. జానెడు నీళ్లలో గులాబీ పుల్లల్లాంటి కాళ్ల మీద నిలబడ్డ నలుపు తెలుపుల పిట్ట స్టిల్ట్. మూరెడు లోతులో ఫ్లెమింగో. అంతకన్నా లోతైతే ఇక ఈదేవాళ్లే, బాతులూ గూడబాతులూ. ఈ లెక్క పట్టుబడితే సగం పని అయినట్టే.

ఆ స్టింట్‌ను మాత్రం తొందరగా వదిలేయకండి. అది గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తర కొసన, మంచు నేలల్లో. అరచేతిలో పట్టే పిట్ట అక్కణ్ణుంచి మన సూళ్లూరుపేట బురదకొచ్చింది. ముక్కు కిందికి వంగిన కర్‌లూ శాండ్‌పైపర్‌లు కనిపిస్తే పొట్ట చూడండి. ముందొచ్చే ఎదిగిన పక్షులకు ఇటుక రంగు మచ్చలు ఇంకా మిగిలి ఉంటాయి. వేసవిలో వేసుకున్న పెళ్లిబట్టలవి. జనవరికల్లా అన్నీ బూడిద రంగే.

ఫ్లెమింగోల్లో బూడిద రంగువి కనిపిస్తే వేరే జాతి అనుకోకండి, అవి పిల్లలు. గులాబీ రంగు తిండి నుంచి వస్తుంది, పూర్తిగా రావడానికి కొన్నేళ్లు పడుతుంది. తల తలకిందులు చేసి, నాలుకతో నీళ్లు తోడుతూ ముక్కులోనే వడగట్టుకుని తింటాయి.

బురద మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయంటే కిందికి కాదు, పైకి చూడాలి. డేగో, తుంగల మీద తిరిగే హారియర్ అనే వేటపక్షో ఉంటుంది. గరుడపక్షికి మాత్రం అంతగా బెదరవు.

ఫోటో కోసం బురదలోకి దిగొద్దు. నేను దిగాను. పైపొర ఎండి బీటలు వారి ఉంటే గట్టిదే అనుకుని బైక్ కూడా దించాను. ఇరవై అడుగులు పోయానో లేదో ఇరుసు దాకా కూరుకుపోయింది. వల సర్దుకుంటున్న పెద్దాయన నవ్వి, "పైనుండేది మీగడే అబ్బయా, కింద పెరుగుంది" అన్నాడు. నలుగురు పడితే గానీ బండి బయటికి రాలేదు.

సరస్సులో ఏదైనా దీవి మీద కాలు పెట్టాలని ఉంటే తడ దగ్గర భీములవారిపాళెం రేవు నుంచి ఇరకం దీవికి పడవలో వెళ్లొచ్చు. పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందే వచ్చేయండి. లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కొద్దు. పడవ నడిపేవాళ్లతో మాట కలపండి. సరస్సు సముద్రంలో కలిసే మొగలు పూడిపోతే వేట ఎలా దెబ్బతింటుందో, నీళ్లు ఎప్పుడు ఉప్పెక్కుతాయో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. పాతవాళ్లు ఈ సరస్సును ప్రళయకావేరి అనేవాళ్లు.

ఎండెక్కాక నేలపట్టు వెళ్లండి. దొరవారిసత్రం మండలంలో, హైవేకి దగ్గరే. 1976 నుంచి అది పక్షుల కేంద్రం. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుళ్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. అయితే అవి కట్టేది వానలు పడి చెరువు నిండాకే. సెప్టెంబరులో వెళ్లి చెట్లు ఖాళీగా ఉన్నాయని తిట్టుకోవద్దు. ఊరివాళ్లు ఈ పక్షుల జోలికి పోరు, పోనివ్వరు. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి ఎరువుతో సమానమని వాళ్లకు తెలుసు.

సాయంత్రం మళ్లీ రోడ్డెక్కితే గట్ల మీద నక్క కనిపించొచ్చు. దసరా రోజుల్లో అయితే కరెంటు తీగల మీద పాలపిట్టను వెతకండి. పంజరంలో పెట్టి చూపించేవాళ్లకు మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు.

చూసినవాటిని అక్కడికక్కడే రాసుకోండి. గుంపు పెద్దదైతే పది పక్షులు ఎంత మేర ఆక్రమించాయో చూసి, ఆ ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కేయండి. తేదీతో సహా, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో పెడితే పరిశోధన చేసేవాళ్లకూ పనికొస్తుంది. మళ్లీ ఎప్పుడు వెళ్లాలన్నదీ అప్పుడే రాసుకోండి: మొదటి పెద్ద వాన పడ్డ పది రోజులకు. కాళంగి నది నీళ్లు సరస్సులోకి చేరి, మీరు స్టింట్‌లను చూసిన చోట ఈసారి బాతులు ఈదుతుండొచ్చు.