బండి లైట్లో కనపడ్డ చెవులపిల్లిని గుర్తుపట్టడం ఎలా

గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల రాత్రిళ్లు పొలాల రోడ్ల మీద వెళ్తుంటే బండి లైట్లో సడన్‌గా ఒకటి గెంతుకుంటూ అడ్డం పోద్ది చూడండి, ఎవరింట్లోదో కుందేలు తప్పించుకొచ్చిందేమో అనుకుంటారు చాలామంది. కాదండీ, అది మన చెవులపిల్లి, అంటే అడవి కుందేలు. బోనుల్లో పెంచేది యూరప్ నుంచి వచ్చిన వేరే ప్రజాతి, కుటుంబం మాత్రం రెంటిదీ ఒకటే.

ముందు మెడ వెనక చూడండి, అక్కడ నల్లటి మచ్చ ఉంటది. సైంటిఫిక్ పేరు లెపస్ నైగ్రికోలిస్ అంటే నల్ల మెడది అనే, 1823లో ఫ్రెంచ్ జంతు శాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్యువియే పెట్టిన పేరు. మెడ కనపడకపోతే పారిపోయేటప్పుడు తోక చూడండి, మన దక్షిణాది దానికి తోక పైన నలుపు, కింద తెలుపు. ఉత్తరాదిలో ఉండే ఉపజాతికి తోక పైన ఎరుపు గోధుమ రంగు, అందుకే దాన్ని రూఫికాడేటస్, అంటే ఎర్ర తోకది అంటారు, థార్ ఎడారి వైపుది డయానస్, అది ఇసుక రంగులో కలిసిపోద్ది. కాబట్టి ఎవరికైనా ఫొటో పంపితే ఎక్కడ తీశారో కచ్చితంగా రాయండి, ఊరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. శ్రీలంక, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లోనూ ఇదే జాతి ఉంది, మారిషస్‌లో ఉన్నవి మాత్రం మనుషులు తీసుకెళ్లి వదిలినవి, బాగా ఎత్తు హిమాలయాల్లో ఇది ఉండదు.

ఎలుక జాతి అని మాత్రం రాయొద్దు ప్లీజ్, పై ముందు పళ్ల వెనకాల ఇంకో చిన్న జత పళ్లుంటాయి, అందుకే వీటిని వేరే వర్గంలో పెట్టారు.

జంతువు కనపడకపోయినా గుర్తులు దొరుకుతాయి. ఇది బొరియ తవ్వదు, గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులోనే నక్కి ఉంటది. ఒకసారి మా మిరప చేను గట్టు మీద నడుస్తుంటే కాలి దగ్గర్నుంచే లేచి ఉరికింది, గుంటలో చెయ్యి పెట్టి చూస్తే ఇంకా వెచ్చగానే ఉంది, ఆ వెచ్చదనం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పక్కనే గుండ్రటి పెంటికలు, నలిపితే అంతా గడ్డి పీచే.

గడ్డిలో ఒంటరిగా పిల్ల కనపడితే దయచేసి ఇంటికి తేకండి. పెంపుడు కుందేలు పిల్లల్లా కాదు, ఇవి బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి, తల్లి దూరంగా ఉండి ఎక్కువగా చీకటి పడ్డాకే వచ్చి పాలిచ్చి వెళ్లిపోద్ది. పిల్లని అక్కడే వదిలేసి, వెంట కుక్క ఉంటే దాన్ని పట్టుకుని పక్కకి వచ్చేయండి.