థ్యాంక్స్‌గివింగ్ గుమ్మడి పై – 3వ పాఠం: ఫిల్లింగ్ కలపడం, కాల్చడం

థ్యాంక్స్‌గివింగ్ అమెరికా, కెనడాల్లో జరుపుకునే పండగ. పై (pie) అంటే క్రస్ట్ అనే పిండి గిన్నెలో ఫిల్లింగ్ పోసి కాల్చే వంటకం. మొదటి పాఠంలో మైదా, వెన్న, ఐసునీళ్లతో పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం. రెండో పాఠంలో దాన్ని వత్తి, 9 అంగుళాల లోతైన పై పళ్లెంలో పరిచి, పైన కాగితం వేసి బరువుకు శనగలు నింపి, అంచులకు లేత రంగు వచ్చేదాకా కాల్చాం. ఆ క్రస్ట్ ఇప్పుడు మీ దగ్గర సిద్ధంగా ఉందనే లెక్క. శనగలు పారేయకండి. కూరకు పనికిరావు గానీ, సీసాలో పోసి ఉంచితే మళ్లీ మళ్లీ ఇదే పనికి వాడుకోవచ్చు.

ఈ ఫిల్లింగ్ ఒక రకం కస్టర్డ్. కస్టర్డ్ అనగానే మనకు పాలల్లో పసుపుపచ్చ పొడి కలిపి పండ్లముక్కలు వేసేదే గుర్తొస్తుంది. ఆ పొడి కార్న్‌ఫ్లోరే, అందులో గుడ్డు ఉండదు. పైలో మాత్రం గుడ్డు వేడికి గట్టిపడి పాలనూ గుమ్మడినీ పట్టి ఉంచాలి. మన వంటల్లో దీనికి దగ్గరి చుట్టం జున్ను. జున్ను సరిగ్గా ఉడికితే ముక్క నున్నగా తెగుతుంది. మంట ఎక్కువైతే ఒళ్లంతా బెజ్జాలు పడి, గిన్నెలో నీళ్లు తేరతాయి. గుమ్మడి పై చెడేదీ అచ్చం ఇలాగే. అందుకని ఈ పాఠమంతా రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది: గుమ్మడిలోని నీళ్లు, ఓవెన్‌లోని వేడి.

ఏ గుమ్మడి?

అమెరికాలో ఎక్కువమంది డబ్బా ప్యూరీతోనే, అంటే డబ్బాలో దొరికే మెత్తటి గుమ్మడి గుజ్జుతోనే చేస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు. డబ్బాల్లోకి వెళ్లే గుమ్మడి చాలావరకు ఇల్లినాయ్ రాష్ట్రంలో పండుతుంది. లిబ్బీస్ కంపెనీ డబ్బాలో ఉండే డికిన్సన్ రకం గుమ్మడీ, మన రైతుబజార్లో ముక్కలుగా కోసి అమ్మే తియ్యగుమ్మడీ ఒకే జాతివి. దాని శాస్త్రీయ నామం కుకుర్బిటా మాస్కేటా. కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో చేసుకునేవాళ్లు దిగుమతి డబ్బా కోసం వెతకక్కర్లేదు. హాలోవీన్‌కు కళ్లూ పళ్లూ చెక్కే పెద్దకాయ వేరే జాతి. దానికి పీచూ నీళ్లూ ఎక్కువ, తీపి తక్కువ. పండగ అయిపోయాక చవగ్గా వస్తోందని తెచ్చుకోకండి. బూడిదగుమ్మడి అసలు లెక్కలోకే రాదు, దాన్ని వడియాలకు ఉంచండి.

డబ్బా కొనేటప్పుడు లేబుల్ చదవండి. వంద శాతం గుమ్మడి అని రాసి ఉండాలి. అదే అరలో ‘పై మిక్స్’ అని ఇంకోటి ఉంటుంది. అందులో చక్కెర, మసాలాలు ముందే కలిపేస్తారు కాబట్టి ఈ కొలతలు దానికి సరిపోవు.

ఇంట్లోనే ప్యూరీ చేసుకుంటే కిలోన్నర కాయ తీసుకుని రెండుగా కోసి గింజలు తీసేయండి. కోసిన వైపు ట్రేకు ఆనేలా బోర్లించి, 200 డిగ్రీల సెల్సియస్‌లో 45 నిమిషాల నుంచి గంట దాకా కాల్చండి. తొక్క మీద నొక్కితే వేలు లోపలికి దిగాలి. కుక్కర్‌లో పెడితే పని త్వరగా అవుతుంది కానీ ముక్క నీళ్లు పీల్చేస్తుంది. గుజ్జును చుక్క నీళ్లు పోయకుండా మిక్సీ పట్టి, పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, గంటసేపు జల్లెడలో వదిలేయండి.

వడిసిందో లేదో తెలియాలంటే చెంచాడు ప్యూరీ పళ్లెంలో పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. కుప్ప చుట్టూ తడి వలయం కనిపిస్తే ఇంకా నీళ్లున్నట్టే. ఆ వలయమే రేపు క్రస్ట్ అడుగున తడి పొరై కూర్చుంటుంది.

కొలతలు

గుమ్మడి ప్యూరీ – 425 గ్రాములు (15 ఔన్సుల డబ్బా ఒకటి)
ఎవాపరేటెడ్ మిల్క్ – 354 మి.లీ. (12 ఔన్సుల డబ్బా ఒకటి)
బ్రౌన్ షుగర్ – 150 గ్రాములు
గుడ్లు – 3 పెద్దవి, పెంకు లేకుండా 150 గ్రాములు
దాల్చినచెక్క పొడి – ఒకటిన్నర టీస్పూన్లు
శొంఠి పొడి – 1 టీస్పూన్
జాజికాయ పొడి – పావు టీస్పూన్
లవంగాలు – 4, మెత్తగా దంచినవి
ఉప్పు – అర టీస్పూన్

గుడ్లను తూకం వేసుకోండి. మన దగ్గర దొరికే గుడ్లు చాలాసార్లు అమెరికా పెద్ద గుడ్ల కన్నా చిన్నవి, నాలుగు పట్టవచ్చు. బ్రౌన్ షుగర్‌కు బదులు జల్లించిన బెల్లం పొడి వేస్తే రంగు ముదురుగా వస్తుంది, రుచి బాగుంటుంది. అప్పుడు ఉప్పు సగం చాలు. లవంగం దగ్గర మాత్రం చెయ్యి జారనివ్వకండి. ఐదారు దాటితే నాలుక మొద్దుబారి గుమ్మడి రుచే తెలియదు. ఇంట్లో అప్పుడే దంచిన మసాలా డబ్బా పొడి కన్నా ఘాటు అని గుర్తుపెట్టుకోండి.

ఎవాపరేటెడ్ మిల్క్, కండెన్స్‌డ్ మిల్క్ ఒకటి కావు. మొదటిది తీపి లేని చిక్కటి పాలు, రెండోదాంట్లో బోలెడు చక్కెర ఉంటుంది. పొరపాటున కండెన్స్‌డ్ డబ్బానే తెచ్చుకుంటే 397 గ్రాముల డబ్బా మొత్తం పోసి, చక్కెర పూర్తిగా మానేయండి. ఎవాపరేటెడ్ మిల్క్ దొరకని ఊళ్లో 800 మి.లీ. చిక్కటి పాలను సన్నమంట మీద 350 మి.లీ.కి మరిగించి, మీగడ వడకట్టి, చల్లార్చి వాడుకోవచ్చు.

కలపడం

ఓవెన్‌ను 200 డిగ్రీలకు (400 ఫారెన్‌హీట్) వేడెక్కనివ్వండి. ఈలోగా ప్యూరీ, చక్కెర, మసాలాలు, ఉప్పు ఒక మందపాటి గిన్నెలో వేసి మధ్యస్థ మంట మీద ఐదు నుంచి ఏడు నిమిషాలు కలుపుతూ ఉడికించండి. చాలా వంటకాల్లో ఈ మెట్టు ఉండదు, నేరుగా అన్నీ కలిపేస్తారు. మా మాట వింటే దీన్ని మానకండి. డబ్బా వాసన పోతుంది, మసాలా పచ్చివాసన పోతుంది, మిగిలిన నీళ్లు ఆవిరైపోతాయి. గుమ్మడి హల్వాకు మొదట కోరును వేయించడం ఎందుకో ఇదీ అందుకే. గిన్నె అడుగున గరిటెతో గీత గీస్తే అది వెంటనే మూసుకుపోకూడదు. గుజ్జు నిగనిగలాడుతూ గరిటెను పట్టుకోవాలి.

దింపేసి, చల్లటి పాలు పోసి కలపండి. వేలు పెట్టి ఓర్చుకోగలిగేంత వేడికి దిగాకే గుడ్లు వేయాలి. పొగలు కక్కుతుండగా వేశారంటే గుడ్డు పొరటు తేలుతుంది. గుడ్లను విడిగా కలిపి పోయండి, కానీ ఆమ్లెట్‌కు గిలక్కొట్టినట్టు నురగ రానివ్వొద్దు. ఆ బుడగలన్నీ కాలేటప్పుడు పైకి తేలి మచ్చలు పడతాయి. చివరగా పిండి జల్లెడలో వడకట్టండి. పీచు, గుడ్డు తెల్లసొన ముద్దలు అందులో ఉండిపోతాయి.

కాల్చడం

గోరువెచ్చటి ఫిల్లింగ్‌ను వెచ్చటి క్రస్ట్‌లోనే పోయాలి. చల్లటిది పోస్తే నడుమ ఉడికేలోగా అంచులు ముదిరిపోతాయి. క్రస్ట్ ముందురోజు కాల్చి పెట్టుకున్నదైతే ఐదు నిమిషాలు ఓవెన్‌లో పెట్టి వేడిచేయండి. గాజు పళ్లెమైతే ఫ్రీజర్ నుంచి తీసి సరాసరి వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగులుతుంది. అంచుకు అర సెంటీమీటరు కిందికి నింపండి. మిగిలిన ఫిల్లింగ్ దాచండి, పాఠం చివర పని ఉంది.

పళ్లెం కింది అరలో ఉండాలి. 200 డిగ్రీలలో 10 నిమిషాలు, తర్వాత 160కి (325 ఫారెన్‌హీట్) తగ్గించి 30 నుంచి 40 నిమిషాలు. ఓవెన్‌లో ఫ్యాన్ తిరుగుతుంటే రెండు చోట్లా 15 డిగ్రీలు తగ్గించుకోండి. చిన్న ఓటీజీ ఓవెన్‌లో పైనుండే కడ్డీ బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇరవై నిమిషాలకే అంచు నల్లబడవచ్చు. అల్యూమినియం ఫాయిల్‌ను చుట్టకుదురులా చుట్టి అంచు మీద కప్పండి.

ఎప్పుడు తీయాలన్నదే అసలు కిటుకు. అరగంట దాటగానే పళ్లెం అంచును మెల్లగా కదిపి చూడండి. మొత్తం అలలా ఊగితే ఇంకా పచ్చి. చుట్టూ గట్టిపడి, నడుమ అరచేయంత మేర మాత్రం గడ్డపెరుగులా వణికితే తీసేయాల్సిందే. ఆ వణుకు చూసి భయపడి ఇంకో పది నిమిషాలు ఉంచడమే అందరూ చేసే పొరపాటు. బయటికి తీశాక కూడా లోపలి వేడికి అది ఉడుకుతూనే ఉంటుంది. థర్మామీటర్ ఉంటే నడుమ 80 డిగ్రీలు (175 ఫారెన్‌హీట్) చూపించాలి. 85 దాటితే గుడ్డు బిగుసుకుని నీళ్లు వదలడం మొదలెడుతుంది. కత్తి గుచ్చి చూసే అలవాటు మానుకోండి. మధ్యలో కత్తి శుభ్రంగా వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది, పైగా ఆ గాటు దగ్గరే పగులు మొదలవుతుంది.

జాలీ మీద రెండు గంటలు చల్లార్చి, ఆ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. గుడ్డూ పాలూ ఉన్న వంటకం, రాత్రంతా బయట ఉంచేది కాదు. వేడి మీద మూత పెడితే ఆవిరి చుక్కలై పైన పడుతుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

చెడితే ఎందుకు?

నడుమ పగిలితే ఎక్కువ కాలింది. అంచు దగ్గర, క్రస్ట్ నుంచి విడిపోతూ పగిలితే ఎక్కువ కాలడమో, హఠాత్తుగా చల్లారడమో కారణం. రుచికి లోటేమీ ఉండదు, విప్డ్ క్రీమ్ కప్పేస్తే ఎవరికీ తెలియదు. కోసిన ముక్క పక్కన నీళ్లు ఊరితే గుడ్డు ముదిరింది, లేదా ప్యూరీ సరిగా వడియలేదు. అడుగు మెత్తబడితే రెండో పాఠానికి వెళ్లండి. ప్యూరీ బాగా వడిసి ఉంటే తప్పు క్రస్ట్ సరిగా కాలకపోవడంలో ఉంది, ఫిల్లింగ్‌లో కాదు.

గుడ్డు తినని వాళ్లకు

మనవాళ్ల విందుల్లో గుడ్డు తిననివాళ్లు నలుగురైనా ఉంటారు. వాళ్ల కోసం క్రస్ట్‌ను బంగారు రంగు వచ్చేదాకా పూర్తిగా కాల్చి ఉంచండి. గుడ్లకు బదులు 35 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, ఉడికిన గుమ్మడిలో పోసి, బుడగలు వచ్చాక ఇంకో నిమిషం ఆపకుండా తిప్పండి. క్రస్ట్‌లో పోసి ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే చాలు, మళ్లీ ఓవెన్ అక్కర్లేదు. బజారు క్రస్ట్ కొంటే మాత్రం దినుసుల పట్టీ చూడండి. కొన్నింట్లో లార్డ్, అంటే పంది కొవ్వు వాడతారు.

ఇక రోజు సంగతి. అమెరికాలో పండగ నవంబరు నాలుగో గురువారం, కెనడాలో అక్టోబరు రెండో సోమవారం. పండగనాడు ఓవెన్ టర్కీ కోళ్ల చేతిలో ఉంటుంది. పై పని ముందురోజే ముగించండి.

4వ పాఠం లోపు చేయాల్సింది

మిగిలిన ఫిల్లింగ్‌ను మూడు చిన్న స్టీలు గిన్నెల్లో సమంగా పోసి, 160 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. పదిహేనో నిమిషం నుంచి థర్మామీటర్‌తో చూస్తూ ఒకటి 75 డిగ్రీల దగ్గర, రెండోది 80 దగ్గర, మూడోది 90 దగ్గర తీయండి. తీసే ముందు ప్రతిదాన్నీ కదిపి అది ఎలా వణికిందో రాసుకోండి. చల్లారాక చెంచాతో తవ్వి చూడండి. మొదటిది జారుతుంది, మూడోదాని గుంటలో నీళ్లు చేరతాయి. రెండో గిన్నె ఎలా వణికిందో ఆ వణుకు మీ చేతికి గుర్తుండాలి. ముక్కలు కోయడం, క్రీమ్ గిలక్కొట్టడం వచ్చే పాఠంలో.