బండి కింద పని – 3వ పాఠం: వెనక ఇరుసులో ఆయిల్

పోయిన పాఠంలో బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు వెనక ఇరుసు మధ్యలో పొట్టలా ఉబ్బి కనిపించే డిఫరెన్షియల్ దగ్గరికి వెళ్దాం. ఇంజిన్ నుంచి వచ్చే శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్లు ఇందులోనే ఉంటాయి. మెకానిక్కులు ఇందులో పోసేదాన్ని క్రౌన్ ఆయిల్ అంటారు.

ముందు పదిహేను నిమిషాలు బండి నడిపి రండి. ఆయిల్ వేడెక్కి పల్చబడితే అడుగున చేరిన మడ్డి కూడా దాంతోపాటే దిగుతుంది.

డిఫరెన్షియల్‌కి సాధారణంగా రెండు ప్లగ్గులు ఉంటాయి. కిందది ఆయిల్ దించడానికి, పైది పోయడానికి. చెయ్యి సహజంగా కిందదాని మీదికే పోతుంది. ఆగండి, ముందు పైదే విప్పాలి. నేను మొదటిసారి కిందది విప్పేశాను. ఆయిలంతా దిగిపోయాక చూస్తే పై ప్లగ్గు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చుక్క ఆయిల్ లేని ఇరుసుతో బండిని షెడ్డు దాకా కూడా నడపకూడదు, లోపలి గేర్ల పళ్లు అరిగిపోతాయి. రెండు రోజులు బండి కదల్లేదు. పైది విప్పలేకపోతే ఆ రోజుకి పని ఆపేయండి. కిందది ముట్టుకోకండి.

దిగిన ఆయిల్‌ని పారబోసే ముందు బాగా చూడండి. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. కింది ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది. అది మామూలు అరుగుదలే, తుడిచెయ్యండి. వేలికి గుచ్చుకునే ఇనప ముక్కలు దొరికితే మాత్రం లోపల పన్ను విరుగుతోందని అర్థం. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వానాకాలంలో వాగులు దాటే బండ్లకి ఇది తరచు జరుగుతుంది. వేడిగా ఉన్న ఇరుసు చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఇరుసు పైనున్న సన్నని బ్రీదర్ గొట్టం మట్టితో పూడిపోతే గాలికి దారి లేక, సీళ్ల (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల) పక్కనుంచి నీళ్లు లోపలికి లాగబడతాయి. ఆ గొట్టం శుభ్రం చేయకుండా కొత్త ఆయిల్ పోసినా మళ్లీ అదే కథ.

కింది ప్లగ్గు కొత్త వాషర్‌తో బిగించాక పై రంధ్రంలోంచి ఆయిల్ పొయ్యండి. మాన్యువల్లో చెప్పిన గ్రేడే వాడాలి. ఈ ఇరుసుల్లో పళ్లు ఒకదానిమీద ఒకటి గట్టిగా జారుతూ తిరుగుతాయి కాబట్టి సాధారణంగా జీఎల్-5 అనే రకం గేర్ ఆయిల్ అడుగుతారు. మిగిలింది కదా అని దాన్ని మాన్యువల్ గేర్‌బాక్సులో పొయ్యకండి. చాలా గేర్‌బాక్సులకి జీఎల్-4 కావాలి, లోపలి ఇత్తడి రింగుల్ని జీఎల్-5 తినేయవచ్చు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే జారి ఊరికే తిరగకుండా అదుపు చేసే రకం) ఉంటే దానికి తగిన ఆయిల్ వేరు, మాన్యువల్ చూసుకోండి.

చాలా బండ్లలో పై రంధ్రం అంచు దాకా వచ్చి ఆయిల్ సన్నగా బయటికి కారితే కొలత సరిపోయినట్టే. ధార ఆగాక ప్లగ్గు బిగించండి.

పాత ఆయిల్ కాలవలోనో మట్టిలోనో పొయ్యకండి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే షెడ్డుకి ఇవ్వండి.

రాత్రికి బండి కింద అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున్నే దానిమీద మరక లేకపోతే 4వ పాఠంలో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక ఇరుసులకి శక్తిని పంచే గేర్ల పెట్టె, విప్పుదాం.