'క్యాచ్ ఎ ఫైర్' రెండు మిక్స్‌లను పోల్చి వినడం ఎలా

బాబ్ మార్లే బృందం ది వెయిలర్స్ 1973 ఆల్బమ్ 'క్యాచ్ ఎ ఫైర్'కు 2001లో వచ్చిన రెండు డిస్కుల డీలక్స్ ఎడిషన్ తీసుకోండి. మొదటి డిస్కులో జమైకా మిక్స్ (అక్కడ రికార్డు చేసిన పాటల అసలు కూర్పు), రెండోదానిలో ఐలాండ్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసినది ఉంటాయి. ఫోన్ స్పీకర్‌లో బేస్ సగం మాయమవుతుంది, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. బేస్ బూస్ట్ ఆపేయండి. రెండు డిస్కుల శబ్దం సమానంగా పెట్టుకోకపోతే గట్టిగా వినిపించేదే మేలనిపిస్తుంది.

ముందు 'స్టిర్ ఇట్ అప్'. తాళాన్ని 1-2-3-4 అని, గిటార్ 2, 4 మీద పడేలా లెక్కపెట్టండి. గిటార్ అంకెల మధ్యలో పడుతోందంటే సగం వేగంతో లెక్కిస్తున్నట్టే.

తర్వాత 'కాంక్రీట్ జంగిల్', జమైకా మిక్సే ముందు. రాబీ షేక్‌స్పియర్ బేస్, కార్ల్‌టన్ బారెట్ డ్రమ్స్ పట్టుకోండి. విడుదలైన మిక్స్‌లో వేన్ పెర్కిన్స్ గిటార్ సోలో, రాబిట్ బండ్రిక్ కీబోర్డులు లండన్‌లో చేర్చినవి. రాక్ శ్రోతల కోసం ఐలాండ్ అధినేత క్రిస్ బ్లాక్‌వెల్ చేయించిన మార్పులివి. సోలో అద్భుతమే, కానీ పాట బరువు జమైకా మిక్స్‌లోనే తెలుస్తుంది.

విమర్శకులు మెచ్చినా అమెరికా ఆల్బమ్ చార్ట్ బిల్‌బోర్డ్ 200లో ఇది 171వ స్థానమే దాటలేదు. ఆ అంకె చూసి ఆల్బమ్‌ను తూచకండి. 'హై టైడ్ ఆర్ లో టైడ్' జమైకా డిస్కులోనే ఉంది, వదలొద్దు.